నక్కవాగుకు వీసా వచ్చింది

1676లో డెల్ఫ్ట్ అనే డచ్చి ఊళ్ళో ఒక బట్టల షావుకారు మిరియాలు నానబోశాడు. చారు కాచుకోవడానికి కాదు, మిరియం నాలుకను ఎందుకు మండిస్తుందో తేల్చుకోవడానికి. దాని రేణువులకు సన్నటి ముళ్ళు ఉంటాయేమో, అవే గుచ్చుకుంటాయేమో అని ఆయన అనుమానం. వారాల తరబడి నానిన ఆ నీళ్ళలోంచి ఒక చుక్క తీసి, తాను సొంతంగా అరగదీసుకున్న భూతద్దం కింద పెట్టి చూశాడు. ముళ్ళు లేవు. లెక్కకు అందనన్ని పురుగులున్నాయి, ఈదుతూ, గిరికీలు కొడుతూ. ఆ షావుకారు పేరు ఆంటొని వాన్ లేవెన్‌హుక్. బ్యాక్టీరియాను కళ్ళారా చూసిన మొదటి మనిషిగా పుస్తకాలకెక్కినవాడు. చూసిందంతా పొడుగాటి ఉత్తరంగా రాసి లండన్‌కు పంపాడు.

ఆయనకు డచ్చి తప్ప మరో ముక్క రాదు. లాటిన్ రానివాడు పండితుడే కాదని నమ్మే కాలం అది. అయినా రాయల్ సొసైటీ కార్యదర్శి హెన్రీ ఓల్డెన్‌బర్గ్ ఆ ఉత్తరాన్ని బుట్టదాఖలు చెయ్యలేదు. ‘నిర్ణీత నమూనాలో లేదు, మూడు ప్రతులతో తిరిగి సమర్పించుకోగలరు’ అని వెనక్కీ పంపలేదు. కూచుని తనే ఇంగ్లీషులోకి మార్చి, 1677లో ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ పత్రికలో అచ్చేశాడు. చుక్క నీళ్ళలో అన్ని ప్రాణులా అని ముక్కు మీద వేలేసుకున్నవాళ్ళు సాక్ష్యం అడిగారు. షావుకారు పాదిరీలు సహా ఎనిమిది మంది పెద్దమనుషులకు చుక్క చూపించి, సంతకాలు పెట్టించి పంపాడు. ఆ ఏడాది నవంబరులో శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ తానూ మిరియాలు నానబోసి సొసైటీ సభ్యులకు ఎదురుగా చూపించాడు. వ్యవహారం తేలిపోయింది. పాపం ఓల్డెన్‌బర్గ్ మాత్రం అది చూడలేదు, సెప్టెంబరులోనే పోయాడు.

ఈ ఓల్డెన్‌బర్గ్ ఉద్యోగం ఏమిటో మనవాళ్ళకు చెప్తే నమ్మరు: ఉత్తరాలు రాయడం. పుట్టింది జర్మన్ ఊరు బ్రెమెన్‌లో, ఉన్నది లండన్‌లో, రాసింది పారిస్‌కు, డాన్‌జిగ్‌కు, హాలెండ్‌కు. అటు స్పినోజా, ఇటు న్యూటన్. ఆయనకంటే ముందు పారిస్‌లో మెర్సెన్ అనే సన్యాసి తన మఠం గదిలో కూచుని ఇదే పని చేశాడు. సరిహద్దుల అవతలి నుంచి ఇన్ని ఉత్తరాలు వస్తే పోలీసుల కన్ను పడుతుంది కదా, అందుకని ఓల్డెన్‌బర్గ్ తన పేరులోని అక్షరాలనే తారుమారు చేసి ‘గ్రూబెన్‌డాల్’ అనే దొంగ చిరునామా పెట్టుకున్నాడు. అయినా 1667లో, డచ్చివాళ్ళతో యుద్ధం సాగుతుండగా, గూఢచారి అన్న అనుమానంతో లండన్ టవర్‌లో రెండు నెలలు కూచోబెట్టారు. బయటికొచ్చి ఏం చేశాడు? మళ్ళీ ఉత్తరాలే. 1673లో లేవెన్‌హుక్‌ను ఆయనకు పరిచయం చేస్తూ డెల్ఫ్ట్ నుంచి ఉత్తరం వచ్చే వేళకు రెండు దేశాల మధ్య మరో యుద్ధం. నడిసముద్రంలో ఓడల మీద ఫిరంగులు పేలుతూనే ఉన్నాయి, టపా నడుస్తూనే ఉంది.

యూరప్ ముచ్చట్లు మనకెందుకంటారా? ఆ టపా గోల్కొండ దాకా వచ్చింది కనుక. ఫ్రాన్స్వా బెర్నియే అనే ఫ్రెంచి వైద్యుడు, తత్త్వవేత్త గస్సెండీకి శిష్యుడు, మొగలు దర్బారులో దానిష్‌మంద్ ఖాన్ కొలువులో ఉండి, రక్తం ఒళ్ళంతా ఎలా తిరుగుతుందో హార్వే కనిపెట్టిన సంగతి ఖాన్ గారికి చెప్పాడు. గస్సెండీనీ, డెకార్ట్‌నీ ఆయన కోసం పారశీకంలోకి దించాడు. అదే బెర్నియే 1667లో గోల్కొండకు వచ్చాడు. హైదరాబాదు శివారులో మందుల కంపెనీలున్న మన పటాన్‌చెరు నుంచి గోల్కొండ ఎంత? ట్రాఫిక్ లేకపోతే గంట లోపు. ట్రాఫిక్ ఉంటే బెర్నియే గుర్రమే నయం. అంటే పారిస్‌లో పుట్టిన ఆలోచన మూడున్నర శతాబ్దాల కిందటే మన కోట వాకిట్లోకి వచ్చి నిలబడింది. గోటెన్‌బర్గ్‌లో పుట్టిన ఆలోచన మాత్రం 2007లో బయల్దేరి ఇప్పటికీ పటాన్‌చెరు పక్కన ఇస్నాపూర్ చౌరస్తా దాటలేక ఎర్రలైటు దగ్గరే ఉంది.

ఆ ఆలోచన మన నీళ్ళ గురించే. స్వీడన్‌లోని గోటెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం నుంచి యోకిం లార్సన్ బృందం పటాన్‌చెరుకు వచ్చింది. దాదాపు 90 బల్క్ డ్రగ్ కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ఉమ్మడి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్ళు, అంటే శుద్ధి అయిన నీళ్ళే, పట్టుకుపోయి చూసింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్. ఆ మందు గోళీ వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. ఒక్క రోజు బయటికి పోయే నీళ్ళలో ఆ మందు బరువు 45 కిలోలని లెక్కగట్టారు. మొత్తం స్వీడన్ దేశం ఐదు రోజులు మింగేంత. నేనూ ఇంట్లో క్యాలిక్యులేటర్ తీశాను: 500 మిల్లీగ్రాముల గోళీలుగా కొడితే రోజుకు 90 వేల గోళీలు, వాగులోకి, ఉచితంగా, డాక్టరు చీటీ లేకుండా. బ్యాక్టీరియా మందుకు మొండికెయ్యడం ఏ మోతాదు దగ్గర మొదలవ్వొచ్చో లార్సన్, సహచరుడు 2016లో లెక్క తీశారు: సిప్రోకు లీటరుకు 0.064 మైక్రోగ్రాములు. మన నీళ్ళు దానికి 4.8 లక్షల రెట్లు. ఏ పోటీలోనైనా ఇంత తేడాతో గెలిస్తే సన్మానం చేస్తారు.

2009లో ఉమియో విశ్వవిద్యాలయం నుంచి జెర్కర్ ఫిక్ బృందం చెరువుల, బావుల లెక్క అచ్చేసింది. రెండు చెరువుల్లో లీటరుకు 6.5 మిల్లీగ్రాముల దాకా సిప్రో, 1.2 మిల్లీగ్రాముల దాకా సెట్రిజిన్. చుట్టుపక్కల ఊళ్ళ బావుల్లో సెట్రిజిన్, టెర్బినాఫిన్, సిటాలోప్రామ్. మందుల షాపు భాషలో చెప్పాలంటే జలుబుకు, తామరకు, దిగులుకు. కార్డు అడగని ఆరోగ్యశ్రీ! బొక్కెన వేస్తే చాలు, ఓపీ చీటీ అక్కర్లేదు. దిగులు మందు కూడా బావిలోనే ఉందంటే, దిగులు పడ్డానికి కారణం కూడా అక్కడే ఉంచిన దూరదృష్టికి చేతులెత్తి మొక్కాలి.

2014లో కాజీపల్లి చెరువు అంతర్జాతీయ పత్రికకు ఎక్కింది. అందులో మొండి బ్యాక్టీరియా జన్యువులు ఎన్ని రకాలో స్వీడన్ వాళ్ళే లెక్క తేల్చారు. 2017లో జర్మనీ లైప్జిగ్ వాళ్ళు పటాన్‌చెరు–బొల్లారం పారిశ్రామికవాడ మురుగులో ఫ్లూకొనజోల్ లీటరుకు 236 మిల్లీగ్రాములుందని రాశారు. ఆ మందుకు అప్పటిదాకా ప్రపంచంలో ఎక్కడా కనబడని అంకె.

మన పిల్లలు వీసా కోసం చిలుకూరు బాలాజీ గుడి చుట్టూ 11 తిరిగి మొక్కుకుంటారు. వస్తే 108 తిరుగుతారు. ఈ మందుల నీళ్ళు చేరే నక్కవాగు ఒక్క ప్రదక్షిణ చెయ్యలేదు. సీసాలో కూచుంది, స్వీడన్‌లో పోయి దిగింది. పీహెచ్‌డీలు ఇప్పించింది. తిరిగి రాలేదు. ఎన్నారై వాగు.

పోచారం వైపు పొలం గట్టున ఒక పెద్దాయన నన్ను అడిగాడు. ఆయన వరి మానేసి చాన్నాళ్ళైంది. బోరు నీళ్ళు పోస్తే మడి మీద నురగ తేలేదట. “సార్, నువ్వు రాస్తవు గదా, ఒక్క ముచ్చట చెప్పు. ఆ తెల్లోళ్ళు మా నీళ్ళు తీస్కపోయిండ్రు. ఏమని తేలింది?”

“మందులున్నయని తేలింది పెద్దయ్యా.”

“అది మాకు ఎరికే. ముక్కున్నోనికి ఎరికే. ఎన్ని ఉన్నయి, ఏవేవి ఉన్నయి, బర్రెలకు తాపొచ్చునా లేదా? అది రాసిండ్రా?”

రాశారు. ఇంగ్లీషులో రాశారు. పత్రిక పేరు ‘జర్నల్ ఆఫ్ హజార్డస్ మెటీరియల్స్’. ఆ వ్యాసం చదవాలంటే డాలర్లు కట్టాలి. బోరు నీళ్ళు ఆయనవి, బర్రెలు ఆయనవి, నురగ ఆయనది, వ్యాసం మటుకు కొనుక్కోవాలి. ఈ మాట ఆయనకు చెప్పలేదు. ఆయన చేతిలో పార ఉంది.

తెలుగు పత్రికలు వార్తలు వెయ్యలేదని అనను. వేశాయి, నాలుగు కాలమ్‌ల్లో, ‘విషం’ అన్న మాటను ఎర్ర రంగులో పెట్టి. కానీ ఓల్డెన్‌బర్గ్ వార్త వెయ్యలేదు, ఉత్తరం వేశాడు. షావుకారు ఏం చూశాడు, ఎన్నిరోజులు నానబెట్టాడు, ఏ వేళ చూశాడు, అంతా. అది చదివిన హుక్ తనే మిరియాలు నానబోసుకోగలిగాడు. ‘విషం’ అన్న మాట చదివి పోచారం పెద్దాయన ఏం నానబోసుకోవాలి?

ఆయన ప్రశ్నకు జవాబు తెద్దామని నేనొక కార్యాలయానికి వెళ్ళాను. ఏ కార్యాలయమో చెప్పను. చెప్తే మళ్ళీ వెళ్ళలేను. అక్కడి ఉద్యోగి మర్యాదస్తుడు, కుర్చీ చూపించి చాయ్ చెప్పాడు.

“రిపోర్టు ఉంది సార్. కాకపోతే ఇంగ్లీషుల ఉన్నది.”

“ఇంగ్లీషు నాకు వస్తది.”

“వస్తే మరి నెట్‌ల చూస్కోరాదు?”

నెట్‌లో చూసుకున్నాను. అందులో మురుగు కొలిచే మామూలు కొలతలున్నాయి, బీఓడీ ఉంది, సీఓడీ ఉంది, టీడీఎస్ ఉంది, అన్నీ పరిమితుల లోపలే ఉన్నాయి. సిప్రో లేదు. నీళ్ళలో లేక కాదు, ఫారంలో గడి లేక. గడి లేనిది గుమాస్తాకు కనబడదు. డెల్ఫ్ట్ షావుకారుకు ముళ్ళు వెతకమని ఎవరూ ఫారం ఇవ్వలేదు, అందుకే పురుగులు కనబడ్డాయి. ఆయన చేతికి మన ప్రొఫార్మా ఇచ్చి ఉంటే ‘ముళ్ళు: నిల్’ అని రాసి సంతకం పెట్టేవాడు, బ్యాక్టీరియా ఇంకో వందేళ్ళు సుఖంగా ఉండేది.

తెలుగు అసలే లేదనుకోకండి. కొత్త కంపెనీ పెట్టేముందు ప్రజాభిప్రాయ సేకరణ ఉంటుంది. పర్యావరణ ప్రభావ నివేదిక వందల పేజీలు ఇంగ్లీషులో, సారాంశం స్థానిక భాషలో ఉండాలని నిబంధన. షామియానా కింద ఆ సారాంశం ఒకటి నేను చదివాను. ‘శూన్య ద్రవ ఉత్సర్గ విధానము అవలంబించబడును’ అని ఉంది. పక్కన కూచున్న సర్పంచును అర్థం అడిగాను. “జీరో లిక్విడ్ డిశ్చార్జి సార్” అన్నాడు టక్కున. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చింది ఎవరికోసమంటే, మళ్ళీ ఇంగ్లీషులోకి మార్చుకునే సర్పంచు కోసం. ఓల్డెన్‌బర్గ్ డచ్చిని ఇంగ్లీషు చేస్తే ఇంగ్లండంతా చదివింది. మనం ఇంగ్లీషును తెలుగు చేస్తే చదవాల్సిన భయం ఎవరికీ ఉండదు.

ఈ వాడకు సరిహద్దులు దాటడం రాదని మాత్రం అనొద్దు. సోవియట్ సాయంతో బాలానగర్‌లో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ వచ్చింది. మందు తయారు చేసే పద్ధతికే తప్ప మందుకు పేటెంటు లేదని 1970లో చట్టం వచ్చింది. ఇంకేముంది, ఎక్కడో దొరలు పదేళ్ళు తన్నుకుని కనిపెట్టిన గోళీని మన కెమిస్టులు వేరే దారిలో వండి, పదో వంతు ధరకు పేదవాడి చేతిలో పెట్టారు. గొప్ప పనే, టోపీ తీస్తాను. ఆ పరిజ్ఞానం మాస్కో నుంచి బాలానగర్‌కూ, బాలానగర్ నుంచి పాశమైలారానికీ, జిన్నారానికీ ఎక్కడా ఆగకుండా వచ్చింది. దుడ్లు తెచ్చే ఆలోచనకు ఏ చౌరస్తాలోనూ ఎర్రలైటు పడదు.

దాచుకోవడం దొరలకు మాత్రం రాదా? న్యూటన్ 1676లో లైబ్‌నిట్జ్‌కు ఓల్డెన్‌బర్గ్ ద్వారా పంపిన ఉత్తరంలో తన గణితం గుట్టును అక్షరాల కుప్పగా రాశాడు, ఎవరికీ అర్థం కాకుండా, రేపు ‘నేనే ముందు’ అనడానికి పనికొచ్చేట్టు. లేవెన్‌హుక్ కూడా తన అద్దాలు అరగదీసే కిటుకు చచ్చేదాకా ఎవరికీ చెప్పలేదు. మన కంపెనీల డ్రమ్ముల మీద లోపలేముందో చెప్పకుండా ‘స్టేజ్–2’, ‘స్టేజ్–3’ అని రాసి ఉండటం ఆ గొప్ప సంప్రదాయమే అనుకుందాం. తేడా ఒక్కటే. న్యూటన్ అక్షరాల కుప్ప ఎవరి బావిలోకీ ఊరలేదు.

ముంబై హైవే పక్కనే, కంపెనీల పొగ కనబడేంత దూరంలో, 1972 నుంచి పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఉంది. జొన్న, సజ్జ, కంది, శెనగ, వేరుశనగ. 140కి పైగా దేశాల నుంచి వచ్చిన లక్షకు పైగా విత్తనాల రకాలు అక్కడి చల్లగదుల్లో ఉన్నాయి. ఇక్కడి నుంచి విత్తనాలు ఆఫ్రికా పోయాయి, ధ్రువం దగ్గర స్వాల్బార్డ్ మంచుకొండలో దాచుకునే గదికీ పోయాయి. మెర్సెన్, ఓల్డెన్‌బర్గ్ బతికుంటే ఆ గేటు ముందు దండం పెట్టేవాళ్ళు. అడిగినవాడికి విత్తనం ఇవ్వడం, ఇచ్చినవాడి పేరు రాసుకోవడం, వాళ్ళు కలలుగన్న రాజ్యం అదే. ఆ రాజ్యానికి కాంపౌండు గోడ ఉంది. గోడ ఇవతలి రాజ్యానికి నక్కవాగు ఉంది.

ఆ వాగు మంజీరలో కలుస్తుంది.  అందుకని ఒక తెలివైన పరిష్కారం కనిపెట్టారు. ఉమ్మడి ప్లాంటు నీళ్ళను పైపులో పెట్టి, నగరం మురుగుతో కలిపి అంబర్‌పేట దాకా పంపి, అక్కడి నుంచి మూసీలో వదలడం. ఇదీ సరిహద్దులు దాటిన విజ్ఞాన వినిమయం అంటే! అప్పటి మెదక్ జిల్లా సమస్య నల్గొండ జిల్లా రైతుకు అందింది, టపా ఖర్చు లేకుండా. పదార్థం నశించదు, జిల్లా మారుతుంది.

దేశాలు కూడా మారుతుంది. ఇక్కడి ముడిమందు కొంత స్వీడన్ మందుల షాపుల్లో గోళీలై అమ్ముడవుతోందని లార్సన్, ఫిక్ ఇద్దరూ కలిసి రాశారు. వాళ్ళ గోళీ చవక కావడానికి మన వాగు ఖర్చు పెట్టింది. ఆ మాట అచ్చులో ఒప్పుకున్న స్వీడన్ వాళ్ళ నిజాయితీ ముందు, చూసీ చూడనట్టున్న మన పెద్దమనుషులు నాకు చాలా చిన్నగా కనబడతారు. భూతద్దం పెట్టినా పెద్దగా కనబడరు.

మొండి బ్యాక్టీరియా విషయంలో మన ప్రభుత్వానికి రోషం వచ్చిన సందర్భం ఒకటుంది. ఢిల్లీ వచ్చి వెళ్ళిన ఒక స్వీడన్ రోగిలో దొరికిన జన్యువుకు ‘న్యూఢిల్లీ’ పేరు పెట్టారు. 2010లో దేశమంతా గగ్గోలు. జన్యువు ఉన్నందుకు కాదు, పేరు పెట్టినందుకు. కుక్కకు పిచ్చెక్కిందంటే కుక్కను చూడరు, ఎవడన్నాడో వాణ్ణి వెతుకుతారు.

ఇంత జరిగాక, గోటెన్‌బర్గ్ ఆలోచన ఎలాగో ఢిల్లీ చేరింది. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ముసాయిదా నోటిఫికేషన్ ఇచ్చింది. మందుల కంపెనీల వ్యర్థజలంలో ఒక్కో యాంటీబయాటిక్ ఎంతకు మించకూడదో, వందకు పైగా పేర్లతో పట్టిక. అలాంటి పట్టిక అప్పటికి ప్రపంచంలో ఎక్కడా లేదని నలుగురూ మెచ్చుకున్నారు. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చింది. పట్టిక లేదు. ముసాయిదాకూ గెజెట్‌కూ మధ్య దూరం ఏడాదిన్నర. ఆ దారిలో వందకు పైగా మందులు మాయమయ్యాయి. వాటిని నీళ్ళలోంచి తియ్యడం మన శుద్ధి ప్లాంటుకు చేతకాలేదు, కాగితం మీద నుంచి మాత్రం చిటికెలో తీసేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇదే విషయం మీద మార్గదర్శకాలు 2024 సెప్టెంబరులో ఇచ్చింది. మార్గం చూపించారు, నడవడం మన దయ.

పటాన్‌చెరులో ఓల్డెన్‌బర్గ్ దొరకలేదా అంటే, దొరికాడు. డాక్టర్ అల్లాని కిషన్‌రావు. పటాన్‌చెరులో రోగులను చూస్తూనే దశాబ్దాల పాటు ఈ నీళ్ళ మీద కాగితాలు పోగేశాడు, కోర్టుల చుట్టూ తిరిగాడు, వచ్చిన ప్రతి శాస్త్రవేత్తకూ, విలేకరికీ వాగు చూపించాడు. ఒక్క మనిషి మీద ఒక ఉత్తరాల రాజ్యాన్ని మోపిన ఘనత మనది. లండన్‌లో ఆ పనికి ఒక సొసైటీ ఉండేది.

చదువరులకు ఒక్క మాట. లార్సన్ బృందం 2007 వ్యాసం పూర్తిగా తెలుగులో ఇప్పటిదాకా నాకు కనబడలేదు. పెద్దదేం కాదు, కొద్ది పేజీలే. సంగారెడ్డి జిల్లాలో కంది దగ్గర ఐఐటీ ఉంది, ఊరూరా ఇంజనీరింగు చదివినవాళ్ళున్నారు, ఫార్మసీ పట్టాలు ఉన్నవాళ్ళయితే ప్రతి బస్తీలో ఉన్నారు. ఒకరు కూచుని తెలుగు చెయ్యండి. ‘ఉత్సర్గ’ అని రాయొద్దు, ‘బయటికి వదిలే నీళ్ళు’ అని రాయండి. బర్రెలకు తాపొచ్చునో లేదో పై వరుసలో పెట్టండి. పోచారం, ఆరుట్ల, కాజీపల్లి పంచాయతీ గోడల మీద అంటించే మైదాపిండి ఖర్చు నాది, ఇస్నాపూర్ చౌరస్తాలో చాయ్ కూడా నాదే. సాక్షి సంతకాలకు ఎనిమిది మంది చాలు. ఏడుగురిని మీరు తెచ్చుకోండి, ఎనిమిదో సంతకానికి పెద్దాయన వేలిముద్ర వేస్తానన్నాడు.